ఒకే గడిలో రెండు నియమాలు

హూజుమ్,
5 మార్చి 2023

ప్రియమైన హెన్నింగ్ స్ట్రూవె గారికి,

కవరు వెనక ఉన్న పేరు చూసి నేనెవరో మీకు గుర్తు రాకపోవచ్చు. గుర్తొచ్చి ఇక్కడితో ఆపి చించేసినా నేను అనగలిగేది ఏమీ లేదు. 1994 జూలై పద్నాలుగు, గురువారం, ఉదయం పదిన్నరకి మీరు కంపైలర్ల, అంటే ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే సాధనాల, మౌఖిక పరీక్షకి వచ్చారు. బల్లకి అవతల ప్రొఫెసర్ ఓల్డెహోఫ్ గారు కూర్చున్నారు. ఆయన పక్కన, మీరు చెప్పినదంతా కాగితం మీద రాసుకుంటూ ఒక సహాయకురాలు కూర్చుంది. ఆమె నేనే. అది మీకు మూడో ప్రయత్నం. మూడోసారి కూడా తప్పితే ఆ చదువు ఈ దేశంలో ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవడానికి వీల్లేదని మీకు తెలుసు, ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. మీరు తప్పారు. కానీ మీరు చెప్పిన జవాబు సరైనదే.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, జనవరిలో ఓల్డెహోఫ్ గారు పోయారు. సంస్మరణ సభలో నన్ను మాట్లాడమన్నారు. బోర్డు మీద ఆయన చెయ్యి ఎన్నడూ తప్పలేదని చెప్పాను, అందరూ తలలూపారు. తర్వాత కాఫీ దగ్గర ఆయన కార్యదర్శి డోజె గారు నా చెయ్యి పట్టుకుంది. ఎనభై రెండేళ్లు ఆమెకి, మాట మాత్రం ఏమీ తగ్గలేదు.

"అమ్మాయ్, ఆ స్ట్రూవె కుర్రాడు గుర్తున్నాడా నీకు? మూడోసారి కూడా పరీక్ష పోయినవాడు. మా వైపే ఉంటున్నాడు, ఓస్టర్‌వాంగ్‌లో. రోడ్ల డిపోలో పని. మంచు పడితే మా సందులోకి మంచు తోసే బండి వేసుకొచ్చేది అతనే. నేను కాఫీ ఇస్తే బూట్లు విప్పి మరీ లోపలికొస్తాడు."

"నన్ను అడిగాడా?" అన్నాను.

"నిన్నెందుకు అడుగుతాడు? చదువు సంగతి ఎత్తితే చాలు, కప్పు అక్కడ పెట్టేసి లేస్తాడు."

ఓస్టర్‌వాంగ్ మా ఇంటికి ఇరవై కిలోమీటర్లు. మా రోడ్డు మీద కూడా ఎన్నో చలికాలాలు మీ బండి తిరిగి ఉంటుంది. ఆ రోజు కారు తోలుకుంటూ ఇంటికి వచ్చినంతసేపూ నాకు అదే తోచింది.

జరిగింది మీకు తెలిసిందే. అయినా నా చేత్తో ఒకసారి రాయాలి, ఎందుకంటే ఇంతవరకు ఎక్కడా రాయలేదు. మీకు ఇచ్చింది చిన్న వ్యాకరణం. ఒక ప్రోగ్రాము ఎలా ఉండాలో చెప్పే ఏడెనిమిది నియమాలు. ముందు ప్రకటనలు, అంటే ఏ పేరు దేనికి వాడతామో చెప్పే వాక్యాలు. అవి ఎన్నైనా ఉండచ్చు, అసలు లేకపోవచ్చు. తర్వాత పనులు చెప్పే వాక్యాలు. చివర ముగింపు మాట. దానికి పార్సింగ్ పట్టిక కట్టమన్నారు. కంప్యూటరు ప్రోగ్రామును చదువుకుంటూ పోతున్నప్పుడు, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క మాటను చూసి, తర్వాత ఏ నియమం పట్టుకోవాలో ఆ పట్టిక చెప్పాలి. వెనక్కి వచ్చి దిద్దుకోవడం ఉండదు. అందుకని ఒక గడిలో ఒక నియమమే ఉండాలి. రెండు పడ్డాయంటే ఆ వ్యాకరణం ఈ పద్ధతికి లొంగదని అర్థం.

అదే ప్రశ్న ఓల్డెహోఫ్ గారు అప్పటికి పదకొండేళ్లుగా అడుగుతూ వచ్చారు. పాత ప్రశ్నలో ప్రతి ప్రకటనకీ ముందు ఒక గుర్తు మాట ఉండేది. అది కనిపిస్తే ప్రకటన, పేరు కనిపిస్తే ప్రకటనలు అయిపోయి పనులు మొదలైనట్టు. గడికి ఒకటే నియమం, చక్కగా కుదిరేది. ఆ రోజు ప్రశ్న మరీ పొడుగుందని ఆయన దాన్ని కుదించారు. కుదించడంలో ఆ గుర్తు మాట ఎగిరిపోయింది. ఇక ప్రకటనా పేరుతోనే మొదలవుతుంది, పనీ పేరుతోనే మొదలవుతుంది. పేరు అనే గడిలో రెండు నియమాలు పడి తీరాలి. మీరు పెట్టారు కూడా.

"పేరు గడిలో ఏం రాశారు?" అన్నారు ఆయన, తన దగ్గరున్న పాత జవాబు చూసుకుంటూ.

"రెండు పడుతున్నాయండీ. ఇంకో ప్రకటన తీసుకోమని ఒకటి, ప్రకటనలు అయిపోయాయని ఒకటి. ఇది ఈ పద్ధతికి కుదరదు."

"మరోసారి చూడండి. తొందర లేదు."

మీరు చూశారు. వేలు పెట్టుకుని ఒక్కొక్క నియమం వెంట మళ్లీ నడిచారు. "రెండే పడుతున్నాయండీ" అన్నారు.

"స్ట్రూవె గారు, ఒకటే పడాలి. దేని తర్వాత ఏది రావచ్చో మీరు లెక్క తప్పుతున్నారు. స్థిమితంగా ఆలోచించండి."

మూడోసారి మీరు కాగితం దగ్గరికి లాక్కున్నారు. రబ్బరు తీసుకుని రెండో నియమం చెరిపేశారు. ఆయన నిట్టూర్చి, "ఉంచాల్సినదాన్నే చెరిపేశారు" అన్నారు. ఎందుకు చెరిపారని అడిగారు. కారణం ఉంటే కదా మీరు చెప్పడానికి? ఆ కాగితం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. నాలుగో వరుసలో రబ్బరు మరక, దాని మీద చెమట పడి పెన్సిలు పొడి అలుక్కుపోయి, పక్క గడి దాకా వచ్చిన బూడిదరంగు.

ఆ మధ్యాహ్నం పరీక్ష వివరాలు శుభ్రంగా టైపు చేస్తుండగా నాకు విషయం తట్టింది. లేచి పక్క గది తలుపు తట్టాల్సింది. తట్టలేదు. ఆ వారమే నా ఉద్యోగం ఇంకో మూడేళ్లు పొడిగించాలా వద్దా అనేది ఆయన తేలుస్తున్నారు. "అభ్యర్థి పట్టికను సరిగా పూరించలేకపోయాడు" అని టైపు చేసి, కింద సంతకం పెట్టాను.

తర్వాత ఇక్కడి సాంకేతిక కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ ఇరవై ఆరేళ్లు గడిపాను. కంపైలర్ల పాఠం నాదే. ఆ పట్టికల అధ్యాయం వచ్చినప్పుడల్లా ఒంట్లో బాగాలేదనో, సమావేశం ఉందనో సహోద్యోగి ఎవరికైనా అప్పగించేదాన్ని. ఒక్క ఏడు కూడా నేను చెప్పలేదు. ఇది ప్రాయశ్చిత్తం అని అనడం లేదు. ఇది కూడా తప్పించుకోవడమే.

నన్ను క్షమించమని అడగను. మీరు సరిగ్గానే చెప్పారన్న సంగతి మీకు తెలియాలని మాత్రమే రాస్తున్నాను.

మీ ముఖం చూడలేని,
వీబ్కె కార్స్టెన్స్


ఓస్టర్‌వాంగ్,
19 మార్చి 2023

కార్స్టెన్స్ గారికి,

మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదట బండి అద్దం ముందు పడేశాను, తర్వాత చదివాను, తర్వాత ఇంకో నాలుగుసార్లు చదివాను. రాయడం నాకు అలవాటు లేదు. డిపోలో రోజూ రాసే వివరాలు తప్ప వేరే రాత లేదు.

నేను సరిగ్గానే చెప్పానని రాశారు. మీకు థాంక్స్ చెప్పాలేమో. చెప్పలేకపోతున్నాను. మా నాన్న 2003లో పోయాడు. "ఒకసారంటే వాళ్ల తప్పు కావచ్చురా, మూడుసార్లంటే తప్పు నీదే" అని పోయేదాకా అన్నాడు. ఆయన మీద కోపం లేదు, నేనే ఒప్పుకున్నాను. మొదటిసారి నేను చదవక తప్పాను, రెండోసారి జ్వరంతో వెళ్లి తప్పాను. మూడోసారి మాత్రం ఎనిమిది నెలలు చదివాను. నా చెల్లెలు గేజా వంటింట్లో కూర్చుని పుస్తకం పట్టుకుని నన్ను ప్రశ్నలడిగేది, ఆమెకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

మీరు తీసుకుపోయింది చదువు ఒక్కటే అనుకుంటున్నారు. చదువు పోతే మనిషి బతుకుతాడు, నేను బతికాను. బండి నడపడం నాకు ఇష్టమే. పోయింది వేరే. ఆ రోజు ఆ గడిలో రెండు పడతాయని నాకు నా పేరు తెలిసినంత గట్టిగా తెలుసు. అంత గట్టిగా తెలిసింది తప్పయితే, ఇక నాకు తెలిసింది ఏది నిజం? అప్పటినుంచి ఏదైనా గట్టిగా అనిపిస్తే ముందు నన్ను నేనే అనుమానిస్తాను.

ఇది ఎంత దూరం పోయిందో చెబుతాను. 2009 జూన్‌లో రోడ్ల పక్కన గడ్డి కోస్తున్నాం. కోత యంత్రాన్ని ఎత్తి నిలబెట్టే ఇనుప మేకు వంగి ఉందని నేను చూశాను. మా మేస్త్రీకి చెప్పాను. "ఏం కాదులే హెన్నింగ్, ఏళ్లుగా అలాగే ఉంది" అన్నాడు. నాకు తెలుసు అది నిలవదని. కానీ తెలుసు అనిపించడం అంటేనే నాకు భయం. ఊరుకున్నాను. ఆ రోజు పదకొండింటికి అది జారి ఫోల్కెర్ట్ కాలి మీద పడింది. మూడు వేళ్లు పోయాయి. ఫోల్కెర్ట్ నాతో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నవాడు, నాకున్న ఒకే స్నేహితుడు. నేను ముందే చూశానని వాడికి ఈనాటికీ తెలియదు. కాబట్టి నోరు మూసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో మీరు నాకు వివరించక్కర్లేదు.

ఇక మీ ఉత్తరంలో రెండు విషయాలు సరిగ్గా లేవు.

ఒకటి. ప్రశ్నను ప్రొఫెసర్ గారు కుదించారని రాశారు. నాకు ఇచ్చిన ప్రశ్న టైపు చేసి ఉంది. ఆయనకి టైపు రాదు, అది విభాగమంతా నవ్వుకునే విషయం. ఆ కాగితం నాకిచ్చింది కూడా ఆయన కాదు. నీలం ఫైలు తెరిచి మీరు ఇచ్చారు.

రెండు. నా కాగితం మీద మరక ఎక్కడిదాకా పాకిందో మీకు అంత బాగా తెలుసు. నేను నెల లోపు అభ్యంతరం దాఖలు చేశాను, మీకు గుర్తుండే ఉంటుంది. నేను నింపిన కాగితం తెప్పించి చూడమని అడిగాను. కాగితం కనిపించడం లేదు, పారేసినట్టున్నారు అని కమిటీ రాసింది. చూపించడానికి ఏమీ లేక అభ్యంతరం కొట్టేశారు.

ఆ కాగితం ఎక్కడుంది?

హెన్నింగ్ స్ట్రూవె


హూజుమ్,
26 మార్చి 2023

ప్రియమైన స్ట్రూవె గారికి,

నా దగ్గర ఉంది.

మీ ఉత్తరం చదివినప్పుడు మా ఆయన ఆర్న్ ఎదురుగా కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. ఏమైందన్నాడు. ఉత్తరాలు రెండూ, నా దాని నకలూ మీదీ, అతని ముందు పెట్టాను. మొత్తం చదివి కళ్లద్దాలు తీసి, "తప్పు చేశానని చెప్పుకోవడానికి రాసిన ఉత్తరంలో కూడా అబద్ధమే రాశావా, వీబ్కె?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగాడు. చనిపోయినవాళ్లు కాదనరు కదా అని రాసి ఉంటాను. అంతకంటే గొప్ప కారణం ఏమీ దొరకలేదు.

ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను. పరీక్షకి ముందు రోజు ఓల్డెహోఫ్ గారు నన్ను పిలిచి, "ఆ స్ట్రూవెకి ఇది మూడోసారి. బెదిరిపోతాడు. ప్రశ్న కాస్త చిన్నది చేసి పెట్టండి, కార్స్టెన్స్" అన్నారు. మీ మీద జాలితో అన్న మాట అది. చిన్నది చేసింది నేను. టైపు చేసింది నేను. ఆ గుర్తు మాటని అనవసరమనుకుని తీసేసిందీ నేనే. తీసేశాక పట్టిక కట్టి చూసుకోవాలి కదా, అది పది నిమిషాల పని. చూడలేదు. నేను అదే విషయం మీద సిద్ధాంత వ్యాసం రాస్తున్న మనిషిని. పాత జవాబు కాగితాన్నే ఆయన ఫైల్లో పెట్టాను.

మధ్యాహ్నం తట్టిందని రాశాను, అదీ అబద్ధం. మీరు "రెండు పడుతున్నాయండీ" అన్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఆ గుర్తు మాట లేకపోతే ఏమవుతుందో ఒక్కసారిగా కళ్ల ముందు కట్టింది. మీరు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. మీరు రెండోసారి చెప్పేటప్పటికి నా చేతిలో పెన్సిలు ఆగిపోయి ఉంది. "సార్, ప్రశ్నలో తప్పుంది, నాదే" అని అంటే సరిపోయేది. ఆయన ఏమనేవారో కూడా నాకు తెలుసు. నవ్వేవారు. తన తప్పు ఎవరు పట్టుకున్నా సొరుగు తీసి ఒక చాక్లెట్టు చేతిలో పెట్టే మనిషి ఆయన. నా తప్పు అయితే చాక్లెట్టు ఉండదేమో గానీ ఉద్యోగం పోయేది కాదు. అది నాకు అప్పుడు కూడా తెలుసనుకుంటాను. నేను భయపడింది ఆయనకి కాదు, ఆ గదిలో తెలివితక్కువదానిలా కనబడటానికి. అరనిమిషం అలా కనబడకుండా ఉండటానికి మీ చదువు మొత్తం పోనిచ్చాను.

మీరు బయటికి వెళ్లాక ఆయన ఫైలు మూసి పక్కన పెట్టారు. "పాపం, బాగా చదివినట్టే అనిపించింది. ఆ ఒక్కచోట ఎందుకలా మొండికేశాడు?" అన్నారు. "ఏమో సార్" అన్నాను.

మీ అభ్యంతరం ఆగస్టులో వచ్చింది. ఫైలు తెప్పించమని కమిటీ కబురు పెట్టగానే నేను అల్మరా తెరిచి, ప్రశ్న కాగితాన్నీ మీ కాగితాన్నీ తీసి నా సంచిలో పెట్టుకున్నాను. కనిపించడం లేదని చెప్పాను. ఓల్డెహోఫ్ గారు నా మాట నమ్మి, తానే పొరపాటున పారేసి ఉంటానని కమిటీకి క్షమాపణ రాశారు. అంటే నేను రెండుసార్లు ఆయన మీదికే నెట్టాను, బతికి ఉండగా ఒకసారి, పోయాక ఒకసారి.

కాగితాలు మాత్రం చింపలేకపోయాను. ఎందుకో నాకే తెలియదు. ఎన్ని ఇళ్లు మారినా కుట్టుపని పెట్టె అడుగున పెట్టుకుని తీసుకెళ్లాను. బుధవారం తీసి, బల్ల మీద పరిచి, పట్టిక మొత్తం నేను మళ్లీ కట్టాను. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి. మీరు ఒక్క గడి కూడా తప్పలేదు.

అసలు కాగితాలు రెండూ, జరిగినదంతా రాసి సంతకం పెట్టిన ప్రకటనతో పాటు, మన విశ్వవిద్యాలయం పరీక్షల కమిటీకి గురువారం రిజిస్టర్డు పోస్టులో పంపాను. నకళ్లు ఇందులో ఉన్నాయి. ఓల్డెహోఫ్ గారి భార్యని కూడా వెళ్లి కలిశాను. వాకిట్లోనే నిలబడి విన్నది. "ఆయన ఆ కాగితం కోసం ఆదివారం కూడా వెళ్లి వెతికాడు" అంది. అంతే, తలుపు వేసుకుంది.

ఇంకొకటి. మా కళాశాలలో విద్యార్థుల అభ్యంతరాలు వినే కమిటీకి ఆరేళ్లుగా నేనే అధ్యక్షురాలిని. ఆ పని శుక్రవారం వదిలేశాను, ఎందుకో డీన్‌కి రాసి ఇచ్చాను. ఇందులో త్యాగమేమీ లేదు. పోయిన నెలలో ఒక అమ్మాయి వచ్చి, "మేడమ్, ప్రశ్నే తప్పుగా ఉంది" అంటే, ముందు నీ జవాబు చూసుకోమని పంపేశాను. ఈ వారం ఆమెను వెనక్కి పిలిచి చూశాను. ఆ అమ్మాయి ప్రశ్న సరిగ్గానే ఉంది, జవాబే తప్పు. అయినా చూడకుండా పంపేసింది నేను.

ఫోల్కెర్ట్ కాలు గురించి చదివాక నాకు నిద్ర సరిగా లేదు. ఆ తప్పులో నా వాటా ఎంతో నేను తేల్చుకోలేను. మీరు నన్ను ఏమన్నా అనండి, ఏమీ అనకపోయినా సరే.

దాచడానికి ఇక ఏమీ మిగలని,
వీబ్కె కార్స్టెన్స్


ఓస్టర్‌వాంగ్,
12 నవంబరు 2023

ప్రియమైన కార్స్టెన్స్ గారికి,

ఎనిమిది నెలలు జవాబు రాయలేదు. కావాలనే రాయలేదు. మీరు ఎదురు చూడాలనిపించింది. అందులో కొంత తృప్తి ఉందని కూడా ఒప్పుకుంటున్నాను.

మే నెలలో కమిటీ నుంచి పిలుపు వచ్చింది. ఇప్పుడు అధ్యక్షురాలిగా ఉన్నావిడ నలభై లోపు ఉంటుంది, పేరు ప్రొఫెసర్ హింట్జె. నా కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి బల్ల మీద ఉంచింది. "స్ట్రూవె గారు, ఈ ప్రశ్నని ముగ్గురికి విడివిడిగా ఇచ్చి పట్టిక కట్టించాను. ముగ్గురికీ ఆ గడిలో రెండే పడ్డాయి" అంది. తర్వాత లేచి నిలబడి, విశ్వవిద్యాలయం తరఫున క్షమాపణ చెప్పింది. నేనూ లేచి నిలబడ్డాను, ఏం చేయాలో తెలియక.

అప్పటి చదువు ఇప్పుడు లేదట, పేరూ పద్ధతీ అన్నీ మారిపోయాయి. ఆ పరీక్ష ఇక పెట్టలేరు. కానీ మూడోసారి తప్పానన్న నిర్ణయం రద్దు చేశారు. కావాలంటే కొత్త చదువులో చేరచ్చు, పాత మార్కులు కొన్ని లెక్కలోకి తీసుకుంటాం అన్నారు. "నాకు యాభై ఆరు" అన్నాను. "వయసు అడిగే గడి దరఖాస్తులో ఉంది గానీ, దాని మీద నియమమేమీ లేదు" అంది ఆవిడ.

రద్దు కాగితం తీసుకుని సమాధుల తోటకి వెళ్లాను. నాన్నకి చదివి వినిపిద్దామని. అక్కడికి వెళ్లాక చదవలేదు. గడ్డి ఎక్కువగా ఉంటే పీకి వచ్చేశాను. గేజాకి చూపిస్తే మాత్రం ఏడ్చింది. "నాకేమీ తెలియకపోయినా నువ్వు చెప్పేటప్పుడు సరిగ్గానే ఉండేదని నాకు తెలుసు" అంది.

తర్వాత ఫోల్కెర్ట్ ఇంటికి వెళ్లాను. దాని గురించి రాయడం కష్టం. కంచె బాగు చేసుకుంటున్నాడు. మేకు వంగి ఉండటం ముందే చూశానని చెప్పాను. సుత్తి కింద పెట్టి, "మేస్త్రీకి చెప్పావా?" అన్నాడు. చెప్పానన్నాను. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "పద్నాలుగేళ్లు, హెన్నింగ్. పద్నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చుని తిన్నావు" అన్నాడు. వెళ్లిపొమ్మన్నాడు. ఆరు వారాలు నాతో మాట్లాడలేదు, బండిలో పక్కపక్కనే కూర్చుని కూడా. ఏడో వారంలో ఒకరోజు, "ఆ టీ ఫ్లాస్కు ఇటివ్వు" అన్నాడు. ఇచ్చాను. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, పాతంత కాదు. ఎప్పటికైనా అవుతుందేమో తెలియదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, చెప్పుకోవడానికి వెళ్లినవాడి వైపు నుంచి కూడా చూశాను కాబట్టి. మీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే మీ మొదటి ఉత్తరం లాంటిదవుతుంది. ఓల్డెహోఫ్ గారి మీద మాత్రం ఇన్నేళ్లు పెట్టుకున్న కోపం ఎక్కడ దింపాలో తెలియడం లేదు. ఆయన నాకోసం ప్రశ్న చిన్నది చేయమన్నారని తెలిశాక ఆయన సమాధి దగ్గరికీ వెళ్లాలనిపించింది, ఇంకా వెళ్లలేదు. రబ్బరు పట్టుకుంది నా చెయ్యేనన్నది కూడా నిజం. మీరు చూపు తిప్పుకున్నారు, ఆయన నమ్మలేదు, కానీ చెరిపింది నేను. అది మీ ఖాతాలో వేయను.

అక్టోబరులో చేరాను. డిపోలో వారానికి మూడు రోజులకి కుదించుకున్నాను. మొదటి రోజు తరగతిలోకి వెళ్లగానే ఒక అమ్మాయి, "ప్రొజెక్టరు పని చేయడం లేదని మేమే ఫోన్ చేశామండీ, త్వరగా వచ్చారు" అంది. చూశాను, తీగ ఊడింది. పెట్టి, వెనక్కి వెళ్లి కూర్చున్నాను. ఇప్పుడు వాళ్లందరూ నన్ను హెన్నింగ్ అనే పిలుస్తారు. పక్కన కూర్చునే బెంటె అనే కుర్రాడు నా రాత చూసి, "పెన్సిలుతో రాస్తారా ఇంకా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి పెన్నుతోనే రాస్తున్నాను.

ఈ వారం ఇచ్చిన అభ్యాసం ఆ పట్టికల మీదే. ఇందులో వ్యాకరణం పెద్దది, నాలుగు ప్రశ్నలున్నాయి. మూడోది నాకు తెగడం లేదు. ఒక గడి ఖాళీగా ఉండాలని నాకనిపిస్తోంది, బెంటె అందులో ఒక నియమం పడాలంటున్నాడు. శుక్రవారం ఇచ్చేయాలి. ఈ జిల్లాలో ఇది తెలిసిన మనిషి నాకు మీరొక్కరే, అందుకని నా పట్టిక ఇందులో పెడుతున్నాను. చూసి, నాది తప్పయితే తప్పని రాయండి. ఒప్పయితే ఎందుకు ఒప్పో రాయండి.

బుధవారం నుంచి మంచు అంటున్నారు. మీ వైపు రోడ్డు ఈసారి కూడా నాకే పడింది. జవాబు అప్పటికి తయారైతే పోస్టులో వేయక్కర్లేదు, ఉదయం ఏడున్నరకి మీ వాకిలి ముందు బండి ఆపుతాను.

హెన్నింగ్